ఎరుక గలవాళ్ళను లబ్ధిదారులను చేసిన నగరం

ఆషాఢంలో బోనాలు మొదలయ్యాయంటే లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర కట్ట మైసమ్మ గుడి ముందు జనం బారులు కడతారు. ఆ తల్లి పేరులోనే ఆమె పని ఉంది. కట్ట మీద ఉంటుంది, కట్టను కాస్తుంది. తెలంగాణ పల్లెల్లో పెద్ద చెరువు ఉన్నచోట కట్ట మీద మైసమ్మ ఉండటం మామూలే. వానలు ముదిరి చెరువు నిండే ముందు ఊరు ఊరంతా కట్ట ఎక్కి బోనం సమర్పిస్తుంది. అంతమంది ఒకేసారి కట్ట మీద నడిస్తే ఎక్కడ మట్టి జారిందో, ఎక్కడ బొరియలు పడ్డాయో, తూము దగ్గర ఏం అడ్డం పడిందో ఎవరో ఒకరి కంట పడకుండా ఉండదు. పండుగ అందుకోసమే పుట్టిందని అనడం కాస్త అతి అవుతుంది. కానీ పండుగతో పాటు ఆ పని కూడా జరిగిపోయేది.

ఇప్పుడు హుస్సేన్‌సాగర్ కట్ట మీద రోజంతా కార్లే. పండుగ ఉంది, డీజే కూడా ఉంది. కట్టను చూసే పని మాత్రం ఒక ఆఫీసుకు చేరింది. ఆ ఆఫీసులో వానాకాలం ఒక ఫైలు.

పొగ ఎక్కువ వదిలినవాళ్ళు ఒకచోట ఉంటే నష్టపోయేవాళ్ళు మరోచోట ఉంటారన్నది వాతావరణ న్యాయం అనే మాటకు మూలం. ఈ మాట మొదట దేశాల మధ్య తగవుగా వినిపించింది. కానీ ఒకే నగరంలోనూ ఇదే లెక్క నడుస్తుంది. ఏసీలున్న ఇంటి వేడిగాలి బయటికి పోతుంది. పక్క బస్తీలో రేకుల ఇంట్లో కుట్టుమిషన్ తొక్కే ఆవిడ ఆ వేడిని కూడా భరిస్తుంది. చెరువు శిఖంలో, అంటే నీళ్ళు నిలిచే నేలలో, వెంచర్ వేసినవాడు ప్లాట్లు అమ్ముకుని వెళ్ళిపోతాడు. అప్పుచేసి అందులో ఇల్లు కట్టుకున్నవాడు మునుగుతాడు. ఇక్కడికి వచ్చేసరికి సోషల్ వర్క్ రంగంలోకి దిగుతుంది. అయితే అది ఎప్పుడూ ముంపు తర్వాతే దిగుతోంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

2014 జూలైలో మెల్‌బోర్న్‌లో సోషల్ వర్క్ వృత్తికి అంతర్జాతీయ సంఘాలు కొత్త నిర్వచనం ఆమోదించాయి. ఆ వృత్తికి ఆధారమైన వాటిలో సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలతో పాటు స్థానిక, ఆదివాసీ జ్ఞానాలను కూడా చేర్చాయి. చేర్చడానికి కారణం ఉంది. ఈ చదువు చాలా దేశాలకు బయటినుంచే వచ్చింది. మన దేశంలో 1936లో బొంబాయిలో మొదలైన తొలి సోషల్ వర్క్ కళాశాల (అదే తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, టిస్ అయింది) వెనక ఉన్నది ఒక అమెరికన్ మిషనరీ. కేస్‌వర్క్ (ఒక్కో మనిషితో పని), గ్రూప్‌వర్క్ (గుంపుతో పని) అన్న పాఠాలు పడమటి దేశాల పట్నాల అవసరాల నుంచి పుట్టాయి. కష్టంలో ఉన్న మనిషి వస్తాడు, నిపుణుడు సాయం చేస్తాడు అన్నదే వాటి చట్రం. వచ్చిన మనిషికి నిపుణుడి కంటే ఎక్కువ తెలిసి ఉండొచ్చన్న ఊహకు అందులో చోటు తక్కువ.

మన ప్రభుత్వ తెలుగులో ఆ చట్రానికి చక్కటి మాట ఉంది: లబ్ధిదారు. పింఛను లబ్ధిదారు, డబుల్ బెడ్‌రూం లబ్ధిదారు, వరద సాయం లబ్ధిదారు. దీనికి ఎదురుగా పెట్టదగిన మాట తెలంగాణ నోట రోజూ ఆడేదే. 'నాకెరుక' అంటారు. ఎరుక అంటే పుస్తకం చదివి తెలుసుకున్నది మాత్రమే కాదు. చేతికీ కాలికీ అలవాటైనది, పెద్దవాళ్ళతో తిరిగి పట్టుబడినది.

ఎవరి ఎరుక అన్నది తేలికగా తేలే ప్రశ్న కాదు. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటనకు భారత్ ఓటేసింది కానీ, భారతీయులంతా మూలవాసులే అన్న వాదన వదల్లేదు. హైదరాబాద్‌లో గోండులు, చెంచులు కొద్దిమందే. అలాగని ఈ నేల సంగతి తెలిసినవాళ్ళు లేరని కాదు. చెరువులు తవ్విన వడ్డెరలు, నీళ్ళు పంచిన నీరడులు, చేపలు పట్టే గంగపుత్రులు, ముదిరాజులు, కట్ట మీద ఈతచెట్లు గీసిన గౌడలు, మట్టి తెచ్చుకున్న కుమ్మరులు. వీళ్ళ వారసులు ఇక్కడి బస్తీల్లోనే ఉన్నారు. వీళ్ళలో చాలామందిని చట్టం ఆదివాసులు అనదు. నీళ్ళ సంగతి వచ్చినప్పుడు మాత్రం ఈ నేలకు సంబంధించిన దేశీ జ్ఞానం వీళ్ళదే.

ఆ జ్ఞానం ఎలా పనిచేసేదో కాస్త దగ్గరగా చూడాలి. దక్కన్‌లో చెరువు ఒంటరిగా ఉండదు. పై చెరువు నిండితే మత్తడి (అదనపు నీరు పొర్లే గోడ) దుంకి, ఆ నీరు వాగుగుండా కింది చెరువుకు, అక్కడినుంచి ఇంకో కుంటకు, చివరికి మూసీకి చేరుతుంది. గొలుసుకట్టు అంటారు. నీరడి అనే మనిషి తూము ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో చూసుకునేవాడు. ఏ మడికి ఎన్ని గంటలు, కరువు ఏడాది ఎవరికి కోత పెట్టాలి అన్న లెక్క అతని నోట్లో ఉండేది. దానికి బదులు కొంత మాన్యం, పంట మీద కొంత ధాన్యం. ఎండాకాలం చెరువు ఎండితే రైతులు బండ్లు కట్టి పూడిక మట్టి చేలకు తోలుకునేవారు. కుమ్మరి బంకమట్టి తీసుకెళ్ళేవాడు. ఎవరి అవసరానికి వాళ్ళు మట్టి తీసుకుంటుంటే చెరువు లోతు మిగిలేది. ప్రత్యేకంగా మరమ్మత్తు పద్దు అక్కర్లేకుండా, వాడకమే మరమ్మత్తయింది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీస్తామని ప్రభుత్వం పూనుకున్నప్పుడు చేసింది కూడా అదే పని, జేసీబీలతో.

ఈ గొలుసు సంగతి ఇంజినీర్లకు తెలియక కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయాక నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ముందుగా లెక్కపెట్టింది పై ఊళ్ళ చెరువులనే. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయి. వరద అంటే నదిలో ఎక్కువైన నీరు మాత్రమే కాదు, పైన ఒకదాని తర్వాత ఒకటి తెగిన కట్టల నీరు కూడా అని ఆ లెక్కతో తేలింది. తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1996లో వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను అదుపుచేసే 111 జీవో పెట్టారు. 2022లో దాన్ని సడలించారు.

వంద ఏళ్ళ తర్వాత అదే గొలుసు మళ్ళీ కనబడింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. పల్లె చెరువు పొంగి అలీనగర్, అల్ జుబైల్ కాలనీల్లోకి వచ్చింది. నాలుగైదు రోజులకు బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. టోలీచౌకీలో షా హాతిం తలాబ్ నీరు నదీం కాలనీలో రోజుల తరబడి నిలిచింది. ఈ ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఎక్కువమంది అద్దెకున్నవాళ్ళు, చిన్న ప్లాటు కొనుక్కున్నవాళ్ళు, బయటినుంచి వచ్చినవాళ్ళు. ఇది చెరువు దారి అని అమ్మినవాడు వాళ్ళకు చెప్పలేదు. ఊళ్ళో ముసలివాళ్ళను అడిగితే చెప్పేవారు. అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ కాలమ్ లేదు.

అప్పుడు సాయంగా ఇంటికి పదివేలు ప్రకటించారు. కొందరికి ఇంటికొచ్చి ఇచ్చారు. అందలేదన్నవాళ్ళను మీసేవకు వెళ్ళమన్నారు. మీసేవ కేంద్రాల ముందు తెల్లవారుజామునుంచే క్యూలు కట్టారు. గ్రేటర్ ఎన్నికలు వచ్చిపడటంతో నవంబరులో ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది. బస్తీల్లో స్వచ్ఛంద సంస్థలు బియ్యం, దుప్పట్లు, నిత్యావసరాల కిట్లు పంచాయి. ఆ పని తక్కువది అనడానికి లేదు, ఆ వారం అదే కావాలి. కానీ అన్ని గల్లీలు తిరిగిన వలంటీర్లు ఏ ఇంట్లో ఎన్ని అడుగుల నీళ్ళొచ్చాయి, ముందు ఎటునుంచి వచ్చాయి, ఎన్ని గంటలకు తీశాయి అని రాసుకుని ఉంటే, వచ్చే వానకు అదే పటం. రాసుకున్నది ఆధార్ నంబరు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి, ఎందుకంటే పాత జ్ఞానం గురించి మాట్లాడేవాళ్ళు తరచూ దీన్ని దాటేస్తారు. నీరడి దాదాపు ఎప్పుడూ దళితుడే. ఊరికంతటికీ నీళ్ళు పంచే మనిషి ఊరి బావిలో చేద వేయడానికి లేదు. వడ్డెరలు తవ్విన చెరువు కింద వాళ్ళకు మడి ఉండేది కాదు. వెట్టి, కులం కలిసి నిలబెట్టిన ఏర్పాటు అది. అందుకే 'మన పూర్వీకులు ఎంత గొప్పవాళ్ళో' అనే వాట్సప్ పాటకు ఈ విషయం సరిపోదు. ఆ పనిని తిరిగి అదే కులానికి అప్పజెప్పడం న్యాయం కాదు, ఆ ఎరుకను ఉచితంగా వాడుకోవడమూ కాదు. తర్వాతి కాలంలో నీరడులు, మస్కూరులు వంటి ఊరి పనివాళ్ళు కలిసి గ్రామ సేవకులయ్యారు, తర్వాత వీఆర్‌ఏలు (గ్రామ రెవెన్యూ సహాయకులు) అయ్యారు. 2023లో ఆ వ్యవస్థనే రద్దుచేసి ఇరవై వేలకు పైగా మందిని వేరే శాఖల్లో సర్దారు. జీతం, ఉద్యోగ భద్రత వచ్చాయి కాబట్టి వాళ్ళ వరకు అది మంచిదే. అయితే ఊరి నీళ్ళ సంగతి ఒక పదవితో ముడిపడి ఉండటం అక్కడితో అయిపోయింది.

ఎరుకకు గౌరవం ఇస్తూనే కులం మెట్లను తలకిందులు చేయడం సాధ్యమేనా అంటే, హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల దూరంలో జవాబు ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. 1990లలో వాళ్ళు తమ ఊళ్ళకు సొంత రేషన్ వ్యవస్థ నడిపారు. సర్కారు రేషన్‌లో బియ్యమే వస్తుంది, ఆ ఎర్రనేలల్లో పండేది జొన్న. కాబట్టి పడావు పడ్డ భూములను సాగులోకి తేవడానికి చిన్న రైతులకు పెట్టుబడి ఇచ్చారు, బాకీ జొన్నల్లోనే వసూలు చేశారు, ఆ ధాన్యం ఊళ్ళోనే నిల్వ పెట్టారు.

అసలు పని దాని తర్వాతది. ఆ జొన్నలు ఎవరికి ఇవ్వాలి? ఆదాయ ధ్రువీకరణ పత్రం అడగలేదు. ఊరి పటాన్ని నేలమీద గీసి, ఒక్కో ఇంటిని అందరి ముందూ కొలిచారు. ఆ ఇంటికి భూమి ఎంత, పనిచేసే చేతులెన్ని, కూలీకి ఎన్నిరోజులు పోవాలి అనే కొలతలు ఆ ఆడవాళ్ళవే. ఎంత బీదైతే అంత ఎక్కువ ధాన్యం. బీదరికాన్ని ఆఫీసరు నిర్ణయించలేదు, బీదవాళ్ళే నిర్ణయించారు. సోషల్ వర్క్ క్లాసులో 'కమ్యూనిటీ పార్టిసిపేషన్' అని చెప్పే పాఠం ఇంత నిక్కచ్చిగా జరిగిన చోట్లు ఎక్కువ లేవు. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. నీటి తడి అక్కర్లేకుండా మంచుతోనే పండే యాసంగి పంటలను వాళ్ళు సత్యం పంటలు అంటారు. వాన తప్పినా మాట తప్పవని.

2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల ఏడాదిగా జరుపుకుంది. భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఇప్పుడు కొర్రలు, సామలు షుగర్ భయం ఉన్నవాళ్ళ ఇళ్ళకు ప్యాకెట్లలో చేరుతున్నాయి, బియ్యం కంటే ఎక్కువ ధరకు. ఒకప్పుడు జొన్న గట్క తాగి పనికి పోయినవాళ్ళ మనవలు నాంపల్లి కూలీ అడ్డా మీద రేషన్ బియ్యం అన్నం తిని నిలబడుతున్నారు. ఇది పంట గెలుపా, పండించినవాళ్ళ ఓటమా అన్నది ఎటునుంచి చూస్తున్నామో దాన్నిబట్టి ఉంటుంది.

హైదరాబాద్ రాజ్యంలో ఇలాంటి ఆలోచనకు పాత ఉదాహరణ కూడా ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం బలయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఆదిలాబాద్ పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, తిరిగి, చెప్పింది సూటిగానే ఉంది: వీళ్ళ భూమి పోయింది, భూమి ఇవ్వండి. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి, భూములకు పట్టాలు ఇచ్చారు. తిరుగుబాటు భయంతో చేసిన పనే, అందులో సందేహం లేదు. అయినా వరస గమనించాలి. ముందు భూమి, తర్వాత సొంత భాషలో బడి. మన సంక్షేమ పథకాలు ఈ వరసను తరచూ తిరగేస్తాయి. నల్లమల చెంచులు తేనె తీసేటప్పుడు పట్టును పూర్తిగా కోయరు, ఈగలకు కొంత వదులుతారు అని పర్యావరణ తరగతుల్లో మెచ్చుకుంటారు. అదే చెంచును పులుల అభయారణ్యంలోంచి బయటికి రమ్మనే ఫైలూ కదులుతూనే ఉంటుంది.

పాత ఎరుక అంతా ఇప్పటికీ పనికొస్తుందా? రాదు. కార్తెల లెక్కే చూడండి. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయి, మిరుగం వస్తే విత్తనం, మఖ పుబ్బ వరుపైతే మహాక్షామం. ఇవన్నీ తరాల తరబడి వానను చూసి కట్టిన మాటలు. ఇప్పుడు నెలరోజుల వాన రెండు రోజుల్లో పడి, తర్వాత మూడు వారాలు మొహం చాటేస్తోంది. చెరువు మత్తడి వెడల్పు కూడా పాత వానకు, మట్టినేలకు కొలిచి కట్టినదే. సిమెంటు పరిచిన నేలమీద అదే వాన ఇంకా వేగంగా వచ్చిపడుతుంది. నీరు ఎంత వస్తుందో పెద్దమనిషి ఇవాళ చెప్పలేడు. దానికి వాతావరణ శాఖ రాడార్ కావాలి. ఎటు వస్తుందో మాత్రం చెప్పగలడు, ఎందుకంటే పల్లం మారలేదు. ఈ రెండూ ఒకే బల్ల మీదకు రావాలి. ఇప్పుడు రాడార్ ఒక ఆఫీసులో, పెద్దమనిషి ఒక అరుగు మీద ఉన్నారు.

పేర్లు కూడా చాలావరకు ఎరుకే. నల్లకుంట, చింతలకుంట, తలాబ్‌కట్ట, మాసబ్‌ట్యాంక్. మనుషులు మరిచిపోయినదాన్ని బస్సు బోర్డులు గుర్తుపెట్టుకున్నాయి. అంబర్‌పేటలో బతుకమ్మకుంట చెత్తతో, పూడికతో నిండి నేలలా అయిపోయింది. పేరు మాత్రం పోలేదు, ఒకప్పుడు అక్కడ బతుకమ్మను సాగనంపినవాళ్ళు కొందరు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. 2025లో చెరువుల కబ్జాలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్విస్తే కొద్ది లోతులోనే నీళ్ళు పైకి వచ్చాయి. ఆ ఏడాది బతుకమ్మకు కుంట తిరిగి నిండింది.

కానీ చెరువును బతికించడం ఒక్కటే న్యాయం అనుకుంటే మూసీ ఒడ్డున జరిగినదాన్ని మరిచిపోవాలి. 2024 శరదృతువులో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో నది గర్భంలో ఉన్నాయని ఇళ్ళకు ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ గుర్తులు వేశారు. కొన్ని కుటుంబాలను మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గర డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు పంపారు, వాళ్ళ పాత ఇళ్ళు కూలగొట్టారు. వరద వస్తే ముందు మునిగేది ఆ ఇళ్ళే, నిజం. అయితే నీళ్ళు ఏ మెట్టు దాకా వస్తే సామాను సర్దాలో, ముసలివాళ్ళను ఎవరి మిద్దె మీదకు చేర్చాలో, ఏ పొరుగింటి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అన్న ఏర్పాటు కూడా ఆ గల్లీలోనే ఉంది. కుటుంబాలను లాటరీలో తలో బ్లాకుకు పంపితే అది చెదిరిపోతుంది. ఇంటికి బదులు ఇల్లు ఇవ్వొచ్చు, పొరుగుకు బదులు ఏమిస్తారు? పోనీ పొరుగునంతా ఒకే అంతస్తుకు పంపండి అని పట్టుబట్టడం సోషల్ వర్కర్ చేయగల పని. ఖర్చు లేనిది కూడా.

ఎండ విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. 2023లో తెలంగాణ కూల్‌రూఫ్ విధానం తెచ్చింది, దేశంలో ఇలాంటిది తెచ్చిన మొదటి రాష్ట్రం. పైకప్పుకు తెల్లటి పూత వేస్తే లోపల వేడి తగ్గుతుందన్నది సున్నం కొట్టిన మన అమ్మమ్మలకు కొత్త కాదు. కానీ రేకుల ఇంట్లో ఉండేది కిరాయిదారు. కప్పు ఓనర్‌ది. పూత వేయించాక కిరాయి పెంచితే అదొక టెన్షన్. కాబట్టి ఇక్కడ కావాల్సింది పెయింటు డబ్బాతో పాటు ఓనర్‌తో మాట్లాడి ఒక కాగితం రాయించే మనిషి.

చట్టం వైపునుంచి ఒక ఆసరా ఈమధ్యే వచ్చింది. బట్టమేక పక్షి కేసులో 2024 మార్చిలో ఇచ్చిన తీర్పులో, వాతావరణ మార్పు చెడు ప్రభావాలనుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణల కింద పౌరుల హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే వరద సాయం దయ కిందికి రాదు. దయ అయితే పంచినవాడు ఫొటో దిగుతాడు, హక్కు అయితే అందనివాడు ప్రశ్నిస్తాడు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థులు వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్‌కు బస్తీలకు వెళ్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఆ రోజుల్ని కిట్ల జాబితాలకు కాకుండా, వార్డుకో నీటిదారి పటం గీయడానికి వాడొచ్చు. ఆ పటానికి కూర్చున్న వడ్డెర పెద్దకు, చేపలు పట్టే మనిషికి ఆ రోజు కూలీ ఇవ్వాలి. ఇంజినీరు సలహాకు ఫీజు ఉన్నప్పుడు వీళ్ళ సలహాకు టీ, బిస్కెట్ సరిపోదు. పటం మీద వాళ్ళ పేర్లూ ఉండాలి.

ఇలాంటి ఎరుక పాతవాళ్ళ దగ్గరే ఉందనుకోవడం కూడా పొరపాటు. ప్రతి జూన్‌లో నగరంలో మాన్సూన్ ఎమర్జెన్సీ టీముల్లోకి కాంట్రాక్టు మీద మనుషుల్ని తీసుకుంటారు. వాన పడుతుండగా మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి మ్యాన్‌హోల్ జాలీకి అడ్డంపడ్డ ప్లాస్టిక్ లాగేది వాళ్ళే. ఏ గల్లీలో నీరు ఎంతసేపటికి నిండుతుందో, ఏ జాలీ ముందు తీయాలో, ఏ మూత కింద గుంత ఎంత లోతో రెండు మూడు వానలకల్లా వాళ్ళ కాళ్ళకు తెలిసిపోతుంది. నీరడి చేసిన పనికి ఇది చుట్టమే. అక్టోబరుతో సీజన్ అయిపోతుంది, కాంట్రాక్టూ ముగుస్తుంది. ఆ మనుషులు తెల్లారి కూలీ అడ్డా మీద నిలబడతారు, సుతారి పనికో సెంట్రింగ్ పనికో ఎవరైనా పిలుస్తారేమోనని.